వుడీ గత్రీ: పాట ఆగిన తరువాత

అమెరికా జానపద గాయకులలో అగ్రగణ్యుడైన వుడీ గత్రీ పేరు వినగానే, గిటారు భుజాన వేసుకొని సరుకు రైళ్ళెక్కి దేశమంతా తిరిగిన ఒక బక్కపలుచని మనిషి రూపం సంగీతాభిమానులకు మనసులో మెదులుతుంది. ఈ నేల అందరిదీ అనే భావంతో 1940లో ఆయన రాసిన పాటను అక్కడి బడిపిల్లలు నేటికీ పాడుకుంటారు. అయితే యాభై అయిదేళ్ళ ఆయన జీవితంలో చివరి పదమూడేళ్ళు దాదాపు పూర్తిగా ఆసుపత్రులలోనే గడిచాయన్న సంగతి, మందులేని జబ్బుతో ఆయన క్షీణించిపోతున్నంత కాలం వెన్నంటి ఉన్నది అప్పటికే విడాకులు పొందిన భార్య అన్న సంగతి అంతగా ప్రచారంలో లేవు. పాటల సంగతి ఎందరో రాశారు. ఇక్కడ చెప్పదలచినది ఆ రెండో కథ.

వుడ్రో విల్సన్ గత్రీ 1912 జూలై 14న ఓక్లహోమా రాష్ట్రంలోని ఒకేమా అనే చిన్న ఊళ్ళో జన్మించారు. ఆ సంవత్సరం అధ్యక్ష పదవికి పోటీపడుతున్న నాయకుడి పేరునే తండ్రి చార్లీ తన కొడుక్కు పెట్టుకున్నారు. భూముల క్రయవిక్రయాలు, స్థానిక రాజకీయాలు చార్లీ వ్యాపకాలు. తల్లి నోరా బెల్ పూర్వకాలపు కథాగేయాలు ఎన్నో ఎరిగిన మనిషి. పనిచేసుకుంటూ పిల్లలకు పాడి వినిపించేది. వుడీకి పాట అబ్బింది తల్లి వల్లనే. ఆయనకు తల్లి నుంచి సంక్రమించినది పాట ఒక్కటే కాదన్న విషయం తెలియడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది.

నోరా ప్రవర్తన మెల్లమెల్లగా మారసాగింది. కారణం లేకుండా కోపం, ఉన్నట్టుండి ఏడుపు, ఇల్లూ పిల్లలూ పట్టకపోవడం, కాళ్ళూ చేతులూ తన ఆధీనంలో లేకపోవడం. ఆ ఇంటిని నిప్పు వెంటాడింది. 1919లో పెద్ద కూతురు క్లారా ఒంటికి నిప్పంటుకొని మరణించింది. 1927లో తండ్రి చార్లీ తీవ్రంగా కాలిపోయారు. కిరోసిన్ దీపం ఆమే విసిరిందని ఊరివారు చెప్పుకున్నారు. ఆ తరువాత నోరాను నార్మన్ పట్టణంలోని పిచ్చాసుపత్రికి తరలించారు. 1930లో ఆమె అక్కడే కన్నుమూసింది. ఊరి దృష్టిలో ఆమెది పిచ్చి. మన పల్లెలలో అయితే గాలి సోకిందనేవారు, లేదా ఎవరో చేయించారనేవారు. జబ్బు అని మాత్రం ఒకేమాలోనూ అనలేదు. ఆమె పక్కన కూర్చుని ఇదేమిటని ఓపికగా చూసినవారూ లేరు. పదిహేనేళ్ళ వుడీ ఇంటింటా తిని, ఎక్కడో పడుకుని పెరిగాడు.

తరువాతి పదిహేనేళ్ళు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. టెక్సస్ రాష్ట్రంలోని పాంపా పట్టణానికి వెళ్ళి, 1933లో మేరీ జెన్నింగ్స్‌ను వివాహమాడారు. గ్వెన్, సూ అనే ఇద్దరు కూతుళ్ళు, బిల్ అనే కొడుకు కలిగారు. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మించిన దుమ్ము తుఫాను ఆ ప్రాంతాన్ని ముంచెత్తింది. పొలాలు పోగొట్టుకొని కాలిఫోర్నియాకు వలసపోయిన రైతుల వెంట వుడీ కూడా నడిచారు. వారి కష్టాలనే పాటలు కట్టి లాస్ ఏంజెలిస్ రేడియోలో పాడారు. 1940లో న్యూయార్క్ చేరారు. 1941లో కొలంబియా నది మీద కడుతున్న ఆనకట్టల గురించి ప్రభుత్వ విద్యుత్ సంస్థ కోసం ఒక్క నెలలో 26 పాటలు రాశారు. 1943లో ఆత్మకథ వెలువడింది. పేరుకు కొదవలేదు, చేతిలో డబ్బు నిలిచింది మాత్రం తక్కువ. మేరీతో కాపురం కూడా నిలువలేదు.

1942లో న్యూయార్క్‌లో ఆయనకు మార్జొరీ మాజియాతో పరిచయమైంది. ఆమె ప్రసిద్ధ నర్తకి మార్తా గ్రాహమ్ బృందంలో నాట్యం చేస్తూ, శిష్యులకు పాఠాలు చెప్పేది. తల్లి అలైజా గ్రీన్‌బ్లాట్ యిడ్డిష్ భాషలో కవయిత్రి. మార్జొరీకి సమయపాలన, క్రమశిక్షణ ఊపిరి. వుడీకి ఆ రెండూ పొడగిట్టవు. అయినా ఇద్దరికీ కుదిరింది. 1945లో వివాహం చేసుకొని బ్రూక్లిన్‌లోని కోనీ ఐలండ్ సముద్రతీరంలో మెర్మెయిడ్ అవెన్యూలో కాపురం పెట్టారు. వారి తొలి సంతానం కేతీ. ఆ పిల్ల కోసం వుడీ కట్టిన పిల్లల పాటలు ఎన్నో. 1947 ఫిబ్రవరిలో విద్యుత్ తీగ వల్ల ఇంట్లో రేగిన మంటల్లో నాలుగేళ్ళ కేతీ చనిపోయింది. అదే ఏడాది జూలైలో ఆర్లో, మరుసటి ఏడు జోడీ, 1950 జనవరిలో నోరా జన్మించారు. చివరి బిడ్డకు నాయనమ్మ పేరు పెట్టుకున్నారు.

ఆ నాలుగైదేళ్ళలోనే వుడీ మారిపోతూ వచ్చారు. మాట తడబడేది. నడకలో తూలు కనిపించేది. వేదిక మీద తన పాట చరణాలే మరచిపోయేవారు. రాతలో అక్షరాలు విశృంఖలమయ్యాయి. ఇంట్లో చిన్న విషయానికి ఉగ్రుడయ్యేవారు. మిత్రులు తాగుడు అన్నారు. తాగే అలవాటు ఉన్నందువల్ల ఆ మాట సులభంగా నమ్మదగినదిగా ఉండేది. కూతురు పోయిన దుఃఖమని కొందరన్నారు. వైద్యులలో కొందరు తాగుడు వ్యసనమని, మరికొందరు స్కిజోఫ్రీనియా అని రాశారు. 1952 వేసవి నాటికి భార్య మీద చేయిచేసుకునే స్థితి వచ్చింది. అయిదేళ్ళయినా నిండని ముగ్గురు పిల్లలు ఇంట్లో ఉన్నారు. ఆయనను ఆసుపత్రిలో చేర్పించవలసి వచ్చింది. ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి మారుతూ బ్రూక్లిన్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం చేరారు. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడి వైద్యులు తల్లి చరిత్ర విని, ఆయన కాళ్ళూ చేతుల కదలికలు గమనించి అసలు పేరు చెప్పారు. అది హంటింగ్టన్ వ్యాధి.

ఈ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పుకోక తప్పదు. 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే ఇరవై రెండేళ్ళ యువ వైద్యుడు దీనిని స్పష్టంగా వర్ణించారు. ఆయన తండ్రీ తాతా కూడా లాంగ్ ఐలండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో వైద్యులే. కొన్ని కుటుంబాలలో తరం తరువాత తరం ఒకే తీరున కదలికలు అదుపు తప్పి, మతి చెడి మరణించడాన్ని ముగ్గురూ చూశారు. మూడు తరాల వైద్యులు అదే ఊరిలో ఉండబట్టి ఆ సంగతి బయటపడింది. వుడీ చివరి రోజులు గడిపిన ఆసుపత్రులు అదే ద్వీపపు పడమటి కొసన ఉండడం యాదృచ్ఛికం. మెదడు లోపలి భాగంలోని కణాలు క్రమంగా నశించడం ఈ వ్యాధి స్వభావం. సాధారణంగా ముప్పై, యాభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ముందు స్వభావం మారుతుంది, తరువాత ఒళ్ళంతా అదుపులేని కదలికలు, ఆపైన మాట పడిపోవడం, మింగలేకపోవడం. మొదలైన పదిహేను, ఇరవై ఏళ్ళకు ప్రాణం తీస్తుంది. కదలికలను కొంత తగ్గించే మందులు నేడు ఉన్నా, జబ్బును నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

వంశపారంపర్యం అనగానే మన ప్రాంతాలలో మేనరికం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాధికి మేనరికంతో సంబంధం లేదు. తల్లిదండ్రులలో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఆడపిల్లా మగపిల్లవాడా అన్న తేడా లేదు. లోపమున్న జన్యువు రాని బిడ్డ నుంచి తరువాతి తరానికి అది పోదు. ఈ జబ్బు మన దేశంలోనూ ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలలో దీనికి జన్యు పరీక్ష, సలహా లభిస్తున్నాయి. సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఇంటి జబ్బును దాచుకోవడం ఎక్కడైనా ఉన్నదే. అమెరికాలోనూ ఆ రోజులలో హంటింగ్టన్ కుటుంబాలు రోగిని వెనక గదిలో ఉంచి తలుపు మూసేవి.

రోగనిర్ధారణ జరిగిన వెంటనే కథ చక్కబడలేదు, ఇంకా చెదిరింది. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన వుడీ కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. అక్కడ అనెకే అనే యువతితో పరిచయమైంది. మార్జొరీతో విడాకులు జరిగాయి. 1953లో అనెకేను పెళ్ళాడారు. అంతకు ముందే ఫ్లోరిడాలో మంట రాజేస్తుండగా జరిగిన ప్రమాదంలో ఆయన కుడిచేయి కాలి, మోచేయి బిగుసుకుపోయింది. గిటారు వాయించే చేయి అది. 1954లో ఆ దంపతులు న్యూయార్క్ తిరిగివచ్చారు. వారికొక కూతురు పుట్టింది. ఇరవై రెండేళ్ళయినా నిండని ఆ అమ్మాయికి ఈ జబ్బును మోసే శక్తి లేదు. ఆమెను తప్పుపట్టవలసిన పని కూడా లేదు. ఆ వివాహమూ ముగిసింది. 1954 సెప్టెంబరులో వుడీ తనంతట తానే బ్రూక్లిన్ ఆసుపత్రికి నడిచివెళ్ళి చేరారు. తల్లికి పట్టిన గతే తనకూ పట్టిందని అప్పటికి ఆయనకు తెలుసు.

మార్జొరీకి అప్పుడు చట్టరీత్యా ఆయనతో సంబంధం లేదు. తరువాత ఆమె మరొకరిని వివాహం చేసుకుంది. బ్రూక్లిన్‌లో సొంత నాట్య పాఠశాల నడుపుతూ ముగ్గురు పిల్లలను పోషిస్తోంది. తప్పుకోవాలంటే కావలసినన్ని కారణాలున్నాయి, లోకం కూడా తప్పనేది కాదు. ఆమె తప్పుకోలేదు. పిల్లలకు తండ్రి ఉన్నాడు, ఆ తండ్రి ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో వాళ్ళకు తెలియాలన్నది ఆమె వైఖరి. వుడీ వ్యవహారాలు చూసే హెరాల్డ్ లెవెంథాల్, ఇతర మిత్రులు కలిసి 1956లో పిల్లల కోసం ఒక నిధి ఏర్పాటు చేశారు. పాటల మీద వచ్చే ఆదాయం అందులో చేరి వాళ్ళ చదువుకు, పోషణకు ఉపయోగపడేది. ఆ ఏడాది మార్చి 17న న్యూయార్క్‌లోని పిథియన్ హాలులో జరిగిన కచేరీ ఆ నిధి కోసమే. ఆసుపత్రి నుంచి వచ్చి వుడీ పైన కూర్చుని విన్నారు.

ఆ తరువాత కొద్ది కాలానికే, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చి న్యూజెర్సీలో దిక్కులేకుండా తిరుగుతున్న ఆయనను పోలీసులు పట్టుకున్నారు. మాసిన బట్టలు, తూలే నడక, తడబడే మాట. 1956 మే నెలలో గ్రేస్టోన్ పార్క్ అనే ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి పంపారు. వేలాది రోగులున్న విశాలమైన పాత భవనం అది. తాను వేలకొద్దీ పాటలు రాశానని, పుస్తకం అచ్చయిందని ఆయన చెబితే అక్కడివారు దాన్ని కూడా రోగలక్షణంగా రాసుకున్నారని అంటారు. అయిదేళ్ళు ఆయన అక్కడే ఉన్నారు. మొదట్లో ఉత్తరాలు రాసేవారు. అక్షరాలు ఏడాదికేడాదికి పెద్దవై, వంకరలుపోయి, చివరికి రాత ఆగిపోయింది.

మార్జొరీ వారం వారం వెళ్ళేది, వీలున్నప్పుడల్లా పిల్లలనూ వెంటబెట్టుకుని. వార్డులోకి పిల్లలకు ప్రవేశం లేదు. అందుకని వుడీని ఆవరణలోకి తీసుకువచ్చేవారు. అక్కడొక పెద్ద చెట్టు ఉండేది. ఆ చెట్టు చుట్టూ పిల్లలు ఆడుకునేవారు, కొమ్మలెక్కేవారు. దాని కింద కూర్చుని అందరూ తెచ్చుకున్నది తినేవారు. పిల్లలు దానికి మాయల చెట్టు అని పేరు పెట్టుకున్నారు. ఆసుపత్రి అంటే ఆ పిల్లల జ్ఞాపకంలో ఇనుప చువ్వలు కావు, ఆ చెట్టు. చూడడానికి చిన్న ఏర్పాటే. ఆసుపత్రిలో పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటే పిల్లలు ఏమేమి ఊహించుకుంటారో ఎరిగిన తల్లి మాత్రమే అటువంటి ఏర్పాటు చేయగలదు. ఒకేమాలో పదిహేనేళ్ళ వుడీకి తల్లి విషయంలో అటువంటి చెట్టు దొరకలేదు.

మార్జొరీ ఒక్కతే మోసిందనుకోరాదు. ఈస్ట్ ఆరెంజ్ పట్టణంలో బాబ్ గ్లీసన్, సిడ్సెల్ గ్లీసన్ అనే దంపతులుండేవారు. వుడీ పాటలంటే వారికి ప్రాణం. ఆసుపత్రిలో ఆయన దీనస్థితి విని, 1959 నుంచి ఆదివారాలు తమ ఇంటికి తీసుకువెళ్ళేవారు. మిత్రులు అక్కడికే వచ్చి పాటలు పాడేవారు. 1961 జనవరిలో మిన్నెసోటా నుంచి బాబ్ డిలన్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఆయనను వెతుక్కుంటూ గ్రేస్టోన్‌కు వచ్చాడు. తరువాత గ్లీసన్ల ఇంట్లోనూ వుడీకి ఆయన పాటలే పాడి వినిపించాడు. డిలన్ తరువాత పొందిన కీర్తి వల్ల ఆ కలయిక ప్రసిద్ధమైంది. దానికి తలుపు తెరిచి ఉంచిన ఆ దంపతుల పేరు చాలామందికి తెలియదు. రోగికి బంధువులే సాయపడాలని లేదు. వారంలో ఒక పూట ఎవరైనా తమ ఇంటికి తీసుకువెళితే కుటుంబానికి ఆ పూట ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

1961లో మార్జొరీ ప్రయత్నించి ఆయనను తిరిగి బ్రూక్లిన్ ఆసుపత్రికి మార్పించింది. ఆమె ఇల్లు అప్పుడు క్వీన్స్‌లోని హవర్డ్ బీచ్‌లో ఉండేది. దూరం తగ్గింది. ఇక ఆదివారాలు వుడీ ఆ ఇంటికే వచ్చేవారు. విడాకులిచ్చిన భార్య ఇంటికి, ఆమె ప్రస్తుత సంసారం మధ్యకు, వారానికొకసారి పాత భర్త రావడం మన పెద్దలకు వింతగా తోచవచ్చు. అక్కడా అది మామూలు విషయం కాదు. ఆమె ఆయనకు స్నానం చేయించేది, ఉతికిన బట్టలు తొడిగేది, దగ్గర కూర్చుని తినిపించేది.

తినిపించడం అన్న మాట తేలిక, పని తేలిక కాదు. హంటింగ్టన్ రోగి ఒళ్ళు నిద్రలో తప్ప ఆగదు. చేతులు విసురుగా లేస్తాయి, తల ఊగుతుంది, నడుము మెలితిరుగుతుంది. ఆ కదలికలకే శరీరం బోలెడంత శక్తి ఖర్చు చేస్తుంది. అందుకని మామూలు మనిషి కంటే ఎక్కువ తినాలి. కాని మింగడం నానాటికీ కష్టమవుతుంది. నీళ్ళవంటి పలుచని పదార్థాలు గొంతుకు అడ్డం పడి ఊపిరితిత్తులలోకి పోతాయి. ఈ రోగులలో చాలామందిని చివరకు తీసుకుపోయేది అలా వచ్చే నిమోనియాయే. కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా, చిన్న చిన్న ముద్దలుగా, మెత్తగా, కాస్త చిక్కగా చేసి పెట్టాలి. ఒక పూట భోజనానికి గంట పట్టవచ్చు. వందల మంది రోగులున్న వార్డులో ఒక్కరికి గంట కేటాయించే సిబ్బంది ఎక్కడుంటారు? వుడీ చిక్కి శల్యమయ్యారు.

మాట పడిపోయింది. మాట పోతే మనసు కూడా పోయిందనుకోవడం చూసేవాళ్ళ పొరపాటు. ఈ వ్యాధిలో జ్ఞాపకశక్తి, మనుషులను గుర్తుపట్టే శక్తి చాలాకాలం ఎంతో కొంత నిలిచే ఉంటాయి. జవాబు చెప్పడానికి సమయం పడుతుంది, అంతే. మార్జొరీ ఆ సంగతి గ్రహించింది. అట్టముక్కల మీద అవును, కాదు అన్న మాటలు పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందు పట్టుకునేది. ప్రశ్న అడిగి ఆగేది. ఊగిపోతున్న చేయి ఏదో ఒక అట్ట వైపు చేరేదాకా ఎదురుచూసేది. చేయి కూడా అదుపులో లేని రోజులలో కనురెప్పలే జవాబు. అన్నీ ఆమే నిర్ణయించేయవచ్చు. అలా కాక చిన్న విషయానికి కూడా ఆయన అభిప్రాయం అడగడం మానలేదు. నర్తకిగా, గురువుగా ఒక్కొక్క కదలికనూ శ్రద్ధగా చూడడం ఆమెకు వృత్తిధర్మం. ఆ చూపు ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆమెకు అలసట రాలేదని, ఆగ్రహం కలగలేదని ఎవరూ చెప్పలేరు. 1952లో ఆయన చేతి దెబ్బ తిన్నది కూడా ఆమే. ఆ దెబ్బ వెనక ఉన్నది జబ్బు అని తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు. పిల్లల క్షేమం కోసం వేరుపడింది, మనిషి కోసం తిరిగివచ్చింది. ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ నలిగిపోవడం కంటే దూరంగా ఉండి క్రమం తప్పక రావడమే ఆ కుటుంబాన్ని నిలబెట్టిందని చెప్పాలి. పాఠశాల మూయలేదు, సంపాదన ఆపలేదు, పిల్లల చదువు దెబ్బతిననివ్వలేదు. రోగిని చూసే మనిషి తానూ కూలిపోతే ఇక చూసేవారుండరు.

1966లో వుడీని క్వీన్స్‌లోని క్రీడ్‌మూర్ ఆసుపత్రికి మార్చారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా అంతర్గత వ్యవహారాల మంత్రి స్టూవర్ట్ యుడాల్, నదుల మీద, నేల మీద ఆయన రాసిన పాటలకు ప్రభుత్వ పురస్కారం ప్రకటించారు. కొలంబియా నది విద్యుత్ ఉపకేంద్రానికి ఒకదానికి ఆయన పేరు పెట్టారు. మంచం మీది మనిషికి అది ఎంతవరకు చేరిందో ఊహించుకోవలసిందే. కొడుకు ఆర్లో అప్పటికి గాయకుడయ్యాడు. ఇరవై నిమిషాలకు దగ్గరగా సాగే కథాగేయంతో అతని తొలి ఆల్బమ్ 1967లో వెలువడింది. అదే ఏడాది అక్టోబరు 3న వుడీ గత్రీ క్రీడ్‌మూర్‌లో కన్నుమూశారు. చితాభస్మాన్ని కుటుంబం కోనీ ఐలండ్ వద్ద సముద్రంలో కలిపింది.

అక్కడితో మార్జొరీ బాధ్యత తీరిందని అందరూ అనుకుని ఉంటారు. ఆమెకు యాభై ఏళ్ళు. కాని ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, ఒక్కొక్కరి మీదా ఆ సగం అవకాశం వేలాడుతోంది. మేరీ పిల్లల మీదా అంతే. ఆ రోజులలో ముందుగా తెలుసుకునే పరీక్ష లేదు. జబ్బు బయటపడేదాకా ఎదురుచూడడమే. ఈ వ్యాధిని చూసిన వైద్యులే అరుదు, పరిశోధన మరీ అరుదు. కుటుంబాలు ఒకరికొకరు తెలియకుండా తలుపులు మూసుకుని ఉండేవి. 1967లోనే ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి అటువంటి కుటుంబాలను వెతికింది. జవాబు ఇచ్చినవారు కొద్దిమందే. ఆ కొద్దిమందితో హంటింగ్టన్ వ్యాధి నిర్మూలన కమిటీ మొదలైంది. నేడు అమెరికా హంటింగ్టన్ వ్యాధి సంఘంగా కొనసాగుతున్నది అదే. నాట్య పాఠశాల గురువు ఊరూరా తిరిగి వైద్య విద్యార్థులకు ఈ జబ్బు లక్షణాలు చెప్పింది, శాస్త్రవేత్తల తలుపులు తట్టింది, ప్రజాప్రతినిధులను కలిసింది. భర్త పేరు ఆమె దాచలేదు. ప్రసిద్ధుడైన మనిషికి వచ్చిన జబ్బని బహిరంగంగా చెప్పడంతో, ఇతర కుటుంబాలకూ నోరు విప్పే ధైర్యం వచ్చింది.

లాస్ ఏంజెలిస్‌లో మిల్టన్ వెక్స్‌లర్ అనే మనోవిశ్లేషకుడు ఉండేవారు. 1968లో ఆయన మాజీ భార్య లియోనోర్‌కు ఇదే వ్యాధి అని తేలింది. విడాకులు తీసుకున్నా ఆయన కూడా తప్పుకోలేదు. మార్జొరీని కలిసి కాలిఫోర్నియా శాఖను ప్రారంభించారు, తరువాత పరిశోధన కోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. కూతురు నాన్సీ వెక్స్‌లర్ మనస్తత్వశాస్త్రవేత్త. అమెరికా కాంగ్రెసు ఈ వ్యాధి మీద ఒక కమిషన్ ఏర్పాటు చేసినప్పుడు మార్జొరీ దానికి అధ్యక్షురాలు, నాన్సీ కార్యనిర్వాహక సంచాలకురాలు. కమిషన్ దేశంలో పలుచోట్ల విచారణలు జరిపి, వెనక గదులలో ఏళ్ళ తరబడి సేవచేసిన భార్యలు, భర్తలు, పిల్లల మాటలు నమోదు చేసి 1977లో నివేదిక ఇచ్చింది. వెనిజులా దేశంలో మరకైబో సరస్సు ఒడ్డున ఈ వ్యాధి అసాధారణంగా ఎక్కువగా ఉన్న పెద్ద కుటుంబాలున్నాయి. నాన్సీ బృందం ఏటా అక్కడికి వెళ్ళి రక్త నమూనాలు, వంశవృక్షాలు సేకరించసాగింది.

మేరీ కూతుళ్ళు ఇద్దరినీ జబ్బు వదలలేదు. గ్వెన్ 1976లో, సూ 1978లో మరణించారు. ఇద్దరికీ నలభై ఒక్కేళ్ళే. తమ్ముడు బిల్ అంతకు ముందే 1962లో కారును రైలు ఢీకొని మరణించాడు. అనెకే కూతురు లొరీనా కూడా పందొమ్మిదో ఏట రోడ్డు ప్రమాదంలో పోయింది. వుడీ ఎనిమిదిమంది సంతానంలో నిండు వయసు చూసినవారు మార్జొరీ బిడ్డలు ఆర్లో, జోడీ, నోరా మాత్రమే.

మార్జొరీ 1983 మార్చి 13న మరణించింది. ఆ ఏడాది నవంబరులో శాస్త్రవేత్తలు హంటింగ్టన్ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఎక్కడో ఉందని ఒక గుర్తు ద్వారా కనిపెట్టి ప్రకటించారు. అందుకు ఆధారమైన వాటిలో మరకైబో ఒడ్డు నుంచి వచ్చిన రక్త నమూనాలున్నాయి. మరో పదేళ్ళకు, 1993లో, ఆ జన్యువే దొరికింది. మూడు అక్షరాల జన్యు సంకేతం ఒకటి ఉండవలసిన దానికంటే ఎక్కువసార్లు పునరావృతం కావడమే లోపం. నలభై సార్లు దాటితే జబ్బు తప్పదు. అప్పటి నుంచి చిటికెడు రక్తంతో ముందే తెలుసుకోవచ్చు. తెలుసుకోవడం, తెలుసుకోకపోవడం రెండూ ఆ వ్యక్తి హక్కేనని, సలహాదారుతో మాట్లాడకుండా ఎవరికీ ఆ పరీక్ష చేయరాదని నియమం ఏర్పడింది. జబ్బు రాగల అవకాశమున్న చాలామంది ఆ పరీక్ష చేయించుకోకుండానే తమ జీవితం గడుపుతున్నారు.